ఆవలి గట్టు మట్టి

తప్పులుంటే మన్నించండి. నాకు అక్షరాలు యాభై ఆరో ఏట పట్టుబడ్డాయి. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఒకటి పెట్టబోతే ఇంకొకటి పడుతుంది. ఇది రాయడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది. చదవడానికి మీకు అంత సేపు పట్టదు కాబట్టి కాస్త ఓర్చుకోండి. ఇది నూకరత్నం అనే ఆవిడ కథ. నాకు బాగా తెలిసిన మనిషే గనుక మరీ ఎక్కువ పొగడను.

తీరప్రాంత గ్రామోద్ధరణ సంస్థకు ఏడుగురు అధికారులు, ఏడు కార్లు, ఒక షెడ్డు, షెడ్డులో ఒక నూకరత్నం ఉండేవారు. అధికారులు గ్రామాలను ఉద్ధరించేవారు. కార్లు అధికారులను మోసేవి. నూకరత్నం కార్లను కడిగేది. భర్త పోయిన ఏడాది ఆ పనిలో చేరింది. పన్నెండేళ్ళలో ఆ ఏడు కార్ల ఒళ్ళూ ఆమెకు కన్నపిల్లల ఒళ్ళులా తెలిసిపోయాయి. ఏ తలుపు కింద తుప్పు మొదలైందో, ఏ అద్దం బిగువు తప్పిందో కళ్ళు మూసుకుని చెప్పగలదు.

ఆమె ఉండేది మడపేటలో. ఆఫీసు నుంచి పదకొండు మైళ్ళు. తారురోడ్డు పోయి పోయి ఉప్పుటేరు గట్టు మీద ఆగిపోతుంది. ఈవలి గట్టు నల్లరేగడి. ఆవలి గట్టు చవుడు నేల, సున్నం చల్లినట్టు తెల్లగా ఉంటుంది. మడపేట అరవై గడపలూ ఆ తెల్లనేల మీదే ఉన్నాయి. మధ్యలో ఉన్న వంతెన మూడేళ్ళ కిందటి తుపానుకు కొట్టుకుపోయింది. అప్పటినుంచి రెండు తాటిదుంగలే దారి. బడిపిల్లలు, రొయ్యల తట్టలు, పెళ్ళివారు, పాడెలు అన్నీ ఆ దుంగల మీదనే దాటాలి.

నూకరత్నం కూతురు మంగతాయారు మూడో నెలలో పుట్టింటికి వచ్చింది. తొలికాన్పు. నూట ఎనిమిది బండి ఈవలి గట్టు దాకానే వస్తుంది. కడుపుతో దుంగ దాటడం వేరు, నొప్పులతో దాటడం వేరు. అది తలచుకున్నప్పుడల్లా నూకరత్నానికి చేతిలో గుడ్డ ఆగిపోయేది.

వంతెన కోసం ఆమె నాలుగు అర్జీలు రాయించి పెట్టింది. నాలుగింటికీ ఒకటే జవాబు వచ్చింది: ఇంజనీరు గారు స్థలాన్ని స్వయంగా చూసి, అవసరమని రాస్తే గాని ఫైలు కదలదు. ఇంజనీరు సుదర్శనం గారి కారును ఆమె రోజూ కడుగుతుంది. రోజూ కారు కడిగే మనిషి ఆ కారులో కూర్చునే మనిషిని పదకొండు మైళ్ళు రప్పించలేకపోయింది.

ఇలా ఉండగా డైరెక్టరు మార్తాండరావు గారు మూడు రోజుల శిక్షణకు రాజధానికి వెళ్ళారు. శిక్షణ సుపరిపాలన మీద. అందులో ఏం చెప్పారో ఆయనకు గుర్తులేదు గానీ, భోజన విరామంలో పక్కనున్న కార్ల దుకాణంలోకి వెళ్ళి ఒక వింత చూసి వచ్చారు. వస్తూ వస్తూ ఒక పెట్టె తెచ్చారు. పెట్టె నిండా సబ్బుబిళ్ళంత ముద్దలు. నీలం రంగు బంకమట్టి ముద్దలు.

సోమవారం పొద్దున్నే ఏడుగురు అధికారులనూ పోర్టికోలో నిలబెట్టారు. ఇంజనీరు గారి తెల్లకారును మధ్యలో పెట్టారు. నూకరత్నం అప్పుడే దాన్ని అద్దంలా కడిగి తుడిచి ఉంది.

"మిత్రులారా, ఈ వాహనము శుభ్రముగా ఉన్నదా?" అని అడిగారు డైరెక్టరు గారు.

"ఉంది సార్," అన్నారు ఏడుగురూ.

"కంటికి ఉన్నది. చేతికి లేదు. అందరూ కవర్లు ధరించండి."

ఇక్కడ చిన్న చిక్కు వచ్చింది. ఆ పరీక్షకు చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడుక్కోవాలి. అప్పుడు కారు మీది సన్నగరుకు వేళ్ళకు తెలుస్తుంది. ఊళ్ళో పాలిథిన్ కవర్ల మీద నిషేధం ఉంది. అందుచేత కూరగాయల వాళ్ళ దగ్గర జప్తు చేసిన కవర్లను, జప్తు చేసిన ఆఫీసు నుంచి ఉత్తరం రాసి తెప్పించారు. ఒకదానికి ఇంకా కరివేపాకు అంటుకుని ఉంది.

ఏడుగురు పెద్దమనుషులు కుడిచేతులకు కవర్లు తొడుక్కుని, కళ్ళు మూసుకుని, కారును నిమరసాగారు. ఆంబోతును మచ్చిక చేస్తున్నట్టుంది చూడ్డానికి. షెడ్డు గుమ్మంలో నిలబడ్డ నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమనిపించుచున్నది?"

"గరగరలాడుతోంది సార్," అన్నారు వ్యవసాయాధికారి.

"బూందీ మీద చేయి వేసినట్టుంది సార్," అన్నారు ఇంజనీరు సుదర్శనం గారు. ఆయనకు మిఠాయిలు మానమని డాక్టరు చెప్పి నెలైంది.

డైరెక్టరు గారు బానెట్టు మీద సబ్బునీళ్ళు చిలకరించారు. ముద్దను అప్పడంలా చదును చేసి, ముందుకీ వెనక్కీ మెల్లగా జరిపారు. మొదట గరగరమంది. తర్వాత్తర్వాత చప్పుడు తగ్గి, వెన్న మీద వేలు జారినట్టు జారింది. ముద్దను తిప్పి చూపించారు. నీలం మీద నల్లచుక్కలు, ఎర్రచుక్కలు.

"ఎన్ని నీళ్ళు పోసినా పోనిది ఇది. ఇదిగో తారు. ఇది సిమెంటు. ఇది ఇనుపరజను, రైలు చక్రాల దగ్గర రాలుతుంది." అంటూ ఆయన ఆగిపోయారు. ముద్దను వెలుగులో పెట్టి కాసేపు చూశారు. "అంటే, ఈ వాహనము రైల్వే గేటు దగ్గర చాలాసేపు ఆగి ఉన్నది."

రైల్వే గేటు పక్కన ఇంజనీరు గారి అత్తవారిల్లు ఉంది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆయన కవరు విప్పి కరివేపాకు దులుపుకున్నారు.

ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు వచ్చింది. డ్రైవరు ఏడుకొండలు షెడ్డులో అందరికీ చదివి వినిపించాడు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, అధికారుల గ్రామ పర్యటనలకు ఇకపై డైరీలు గానీ, ఫొటోలు గానీ ప్రమాణము కావు. మనిషి అబద్ధమాడవచ్చును. వాహనము ఆడదు. కావున ప్రతి శుక్రవారము ప్రతి వాహనమునకు బంకముద్ద పరీక్ష జరిపి, సదరు ముద్దను చీటీతో సహా కవరులో భద్రపరచవలెను. మట్టి లేని ముద్ద సమర్పించిన అధికారి కార్యాలయము వదలి కదలలేదని భావించబడును. నేలపై పడిన ముద్ద ముద్దగా పరిగణింపబడదు."

ఆఖరి మాట ఒక్కటే అందులో తెలివైనది. నేల మీద పడిన ముద్దకు ఇసుక అంటుకుంటుంది, దాంతో రుద్దితే కారు గీసుకుపోతుంది. పెట్టె మీద రాసి ఉన్నదాన్ని చూసి రాశారు గనుక అది సరిగ్గా వచ్చింది.

మొదటి శుక్రవారం నూకరత్నం ఎప్పటిలాగే కార్లన్నీ శుభ్రంగా కడిగింది. తర్వాత ముద్ద రుద్దింది. ఏడు ముద్దలూ ఇంచుమించు నీలంగానే తేలాయి. ఏడుగురికీ మెమోలు వెళ్ళాయి. నూకరత్నాన్ని పైకి పిలిచారు.

"నువ్వు సాక్ష్యమును నీళ్ళపాలు చేసితివి," అన్నారు డైరెక్టరు గారు.

"కడక్కుండా ముద్ద రుద్దితే ఇసక గీసేత్తదండి బాబూ. పెయింటు పోద్ది."

"పెయింటు ఎవరిది?"

"గవర్నమెంటుదండి."

"సత్యము ఎవరిది?"

ఆమె ఆలోచించింది. "అదీ మీదేనండి," అంది.

ఆ రోజు నుంచి కార్లు కడగడం నిషేధం. కడిగే పనికి పెట్టుకున్న మనిషి కడిగితే ఉద్యోగం పోతుంది. నూకరత్నం శుక్రవారం శుక్రవారం దుమ్ముకొట్టుకున్న కారు మీద బంకముద్ద పెట్టి రుద్దేది. ప్రతి రుద్దుకూ సన్నగీత పడేది. నెల తిరిగేసరికి ఏడు కార్ల మీదా సాలెగూళ్ళు అల్లుకున్నాయి. మొదట్లో అధికారులు బాధపడ్డారు. కానీ గీతలెక్కువున్న కారు ఎక్కువ తిరిగిన కారని డైరెక్టరు గారు మెచ్చుకునేసరికి వాటికి విలువ వచ్చింది.

"మా బానెట్టంతా పోయిందండీ," అనేవారు వ్యవసాయాధికారి గుండె విరుచుకుని.

"మాది టాపు కూడా," అనేవారు మత్స్యశాఖాయన.

అన్నిటికంటే దూరమైన ఊరి మట్టికి ఎక్కువ మార్కులు. జాబితాలో అన్నిటికంటే దూరం మడపేట. అది విన్న నూకరత్నానికి గుండెల్లో దీపం పెట్టినట్టయింది. చచ్చినట్టు రావాలిక ఇంజనీరు గారు, అనుకుంది.

ఇంజనీరు గారికి దుమ్ము పడదు. ఎండ అసలే పడదు. ఆయన గురువారం పొద్దున్నే ఏడుకొండల్ని పిలిచి, "మడపేట దాకా వెళ్ళి వచ్చెయ్," అన్నారు.

"మీరు రారాండీ?"

"పరీక్ష నాకా, కారుకా?"

ఏడుకొండలు ఎంత ఆలోచించినా ఈ ప్రశ్నలో తప్పు కనిపించలేదు. కారు ఒక్కటే పర్యటనకు వెళ్ళింది.

గురువారం నూకరత్నానికి సెలవు. ఇంటి ముందు వలకు ముళ్ళు వేస్తుంటే ఈవలి గట్టున తెల్లకారు ఆగడం కనిపించింది. బండి గుర్తుపట్టింది. రెండు కొబ్బరిబొండాలు చంకన పెట్టుకుని, దుంగల మీద దాదాపు పరిగెత్తింది. కారు వెనక సీటు ఖాళీ. ఏడుకొండలు కారు నీడలో కూర్చుని క్యారేజీ విప్పుతున్నాడు.

"అయ్యగారేరీ తమ్ముడూ?"

"ఆఫీసులో ఉన్నారక్కా."

"మరి కారెందుకొచ్చింది?"

"పర్యటనకక్కా. కూసింత బురద తగిలించుకుని ఎల్లిపోద్ది."

"మనిషి లేకుండానా?"

"మనిషెక్కితే బరువక్కా. దిగబడిపోతే ఎవరు తోత్తారు?" అని పచ్చడి నంజుకున్నాడు. "ఆ బొండాలు ఎవరికి?"

"కారుకి."

"అది తాగదు గాని, ఇలాగియ్యి."

మూడో వారానికి ఏడు కార్లూ గురువారం గురువారం ఉప్పుటేటి గట్టున వరసగా నిలబడేవి. అధికారులు ఎవరూ ఉండరు. డ్రైవర్లు చక్రాలను రేగడి బురదలో తిప్పి, తలుపుల మీదికి చిమ్మించి, తర్వాత నీడన పడుకునేవారు. ఊళ్ళో సంగతి పాకింది. చుట్టుపక్కల నుంచి జనం అర్జీలు పట్టుకుని వచ్చారు. అధికారులు లేరని తెలిసీ తిరిగి వెళ్ళలేదు. పెద్దాఫీసు కారంటూ వచ్చింది, అదే పదివేలు అనుకున్నారు. అర్జీలను వైపర్ల కింద దోపారు. పింఛను ఆగిపోయిన ఒక ముసలాయన మత్స్యశాఖ కారు హెడ్‌లైటుకు ఎదురుగా నిలబడి తన గోడంతా వెళ్ళబోసుకుని, దణ్ణం పెట్టి వెళ్ళాడు. "మారాజు, మధ్యలో ఒక్క మాటైనా అడ్డం రాలేదు," అని ఊళ్ళో చెప్పుకున్నాడు.

అక్కడ ఆఫీసులో అధికారులకు కార్లు లేకుండా పోయాయి. జిల్లా మీటింగుకు వ్యవసాయాధికారి షేరాటోలో డ్రైవరు పక్కన సగం సీటు మీద వేలాడుతూ వెళ్ళారు. ఏమండీ కారు ఏమైందని ఎవరో అడిగితే, "ఫీల్డులో ఉంది," అన్నారు గర్వంగా.

ప్రతి ముద్దకూ ఒక చీటీ ఉంటుంది. చీటీ రాసేది అధికారి. దాని కింద, ఈ మట్టి ఈ కారు నుంచే తీసినదని నూకరత్నం వేలిముద్ర వేయాలి. ఆమె చేతికి ఎప్పుడూ మట్టే గనుక, పరీక్ష మట్టి ఏదో వేలి మట్టి ఏదో తేలడం లేదని పై నుంచి ఇంకో ఉత్తర్వు వచ్చింది. రెండు నెలల్లో సదరు నూకరత్నం సంతకము నేర్చుకొనవలెను. లేనిచో ఆ స్థానమున అక్షరాస్యురాలిని నియమించడమగును.

ఆ సాయంత్రం మంగతాయారు వాకిట్లో చవుడు పల్చగా పరిచి, చీపురుపుల్లతో సాపు చేసింది. "వేలు ఇలా తేమ్మా," అంది.

"నా పేరొక్కటి చాల్లేవే. ఆల్లకి అదే కావాలి."

"పేరు రాయడం వచ్చాక మిగతావి వాటంతటవే వచ్చేత్తాయిలే."

వాటంతటవేమీ రాలేదు. నూ అనే అక్షరమే వారం తిన్నది. అది దీర్ఘమో తోకో తెలిసేది కాదు. కూతురు ఆరో నెల పొట్టతో వంగలేక, కట్టెపుల్లతో దూరంనుంచే తప్పులు కొట్టేసేది. "బండి తలుపు తుడిచేటప్పుడు చెయ్యి ఎంత వంకర తిరుగుద్ది, అలాగే తిప్పమ్మా," అనేది. అలా చెప్పాకే చెయ్యి తిరిగింది. రెండు నెలలు గడిచేసరికి నూకరత్నం తన పేరు రాసింది. ఆఫీసులో గుమ్మాల మీద బోర్డులు చదివింది. బస్సు మీద ఊరి పేరు చదివి, ఆ బస్సు ఎక్కక్కర్లేకపోయినా చెయ్యెత్తింది.

చదువు వచ్చినవాళ్ళకు ఒక రోగం ఉంటుంది. కనిపించిందల్లా చదువుతారు.

మొదటి సంతకం పెట్టాల్సిన శుక్రవారం ఆమె ఇంజనీరు గారి చీటీ చేతిలోకి తీసుకుని, సంతకం పెట్టే ముందు పైనున్నది కూడబలుక్కుంది. పొద్దున్న మొదలుపెడితే భోజనాల వేళకు పూర్తయింది. చీటీలో ఇలా ఉంది:

"ఇంజనీరు గారు మడపేటను స్వయముగా దర్శించి, వంతెన స్థలమును తనిఖీ చేసినారు. వంతెన అవసరము కనబడలేదు. సాక్షి: నూకరత్నం."

ఆమె లేచి అల్మరా తెరిచి పాత కవర్లు తీసింది. ఒక్కొక్క దానిమీదా అదే మాట. ఒక్కొక్క దాని కిందా తన బొటనవేలు. తొమ్మిది వారాలు, తొమ్మిది చీటీలు.

"ఏమైందక్కా, అలాగున్నావ్?" అన్నాడు ఏడుకొండలు.

"వంతెన అక్కర్లేదని ఇంజనీరు గారు రాత్తే, అవునని నేను సాక్షం చెప్పానంట. తొమ్మిదిసార్లు."

ఏడుకొండలు తల గీరుకున్నాడు. "సంతకం పెట్టకు," అన్నాడు మెల్లగా.

"పెట్టకపోతే ఉద్యోగం పోద్ది. పెడితే పదోసారి."

చీటీ పట్టుకుని ఆమె మేడ మీదికి వెళ్ళింది. ఇంజనీరు గారు పంచదార లేని టీ తాగుతూ ఉన్నారు.

"బాబూ, తమరు మడపేట ఎప్పుడొచ్చారండీ?"

"తొమ్మిదిసార్లు వచ్చానుగా. రికార్డు చూసుకో."

"కారొచ్చిందండి. తమరు రాలేదు."

"రికార్డు ప్రకారం కారు ఎక్కడుంటే నేను అక్కడ ఉన్నట్టే నూకరత్నం. అది డైరెక్టరు గారి సిద్ధాంతం. నేను కాదంటే పెద్దాయన్ని కాదన్నట్టు." ఆయన గొంతు తగ్గించి, నిజంగానే జాలిపడుతున్నట్టు అన్నారు, "ఇప్పుడు నువ్వు ఇది తప్పంటే, తొమ్మిది వారాలు తప్పు సాక్ష్యం చెప్పింది ఎవరవుతారు? నేనా? నువ్వేనమ్మా. పిల్ల కడుపుతో ఉందంటున్నావు. ఉద్యోగం జాగ్రత్త చూసుకో."

ఆమె చీటీ మడిచి రొంటిన దోపుకుని దిగి వచ్చింది. షెడ్డులో కూర్చుని నీలం ముద్ద ఒకటి చేతిలోకి తీసుకుని ఊరికే పిసికింది. మడిచింది, చదును చేసింది, మళ్ళీ మడిచింది. బంకముద్ద గుణం అది. పై ముఖం మురికైతే లోపలికి మడిచేస్తే కొత్తముఖం బయటికి వస్తుంది. పిసుకుతూ పిసుకుతూ ఉండగా ఆమెకు ఒక సంగతి తట్టింది. తొమ్మిది కవర్లూ మళ్ళీ తీసి వెలుగులో పెట్టి చూసింది. తర్వాత ఆమె నవ్వింది. అప్పుడే సంతకం కూడా పెట్టింది.

సోమవారం మూడు నెలల ముద్ద సమీక్ష జరిగింది. పెద్ద బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కవర్లు వరసలుగా పేర్చారు. ముద్దలు తీసి చూపడానికి నూకరత్నాన్ని బల్ల చివర నిలబెట్టారు.

"మడపేట పర్యటనల్లో మన సంస్థ రాష్ట్రానికే ఆదర్శముగా నిలిచినది," అన్నారు డైరెక్టరు గారు. "ఏడు వాహనములు, మొత్తము అరవై మూడు పర్యటనలు. ఒక్క గ్రామమును ఇన్నిసార్లు ఎవరూ దర్శించియుండరు. నూకరత్నం, చూపించు."

ఆమె ఒక్కొక్క ముద్దా విప్పి వరసగా పెట్టింది. అన్నీ నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"చిత్తం బాబూ. ఒక్క మాట. ఇది మడపేట మట్టి కాదండి."

డైరెక్టరు గారు కుర్చీలో ముందుకు జరిగారు.

"మరి?"

"ఈవలి గట్టు రేగడండి. నల్లగుంటది. మడపేట ఆవలి గట్టు. అక్కడంతా చవుడు. తెల్లగుంటది. అరవై మూడు ముద్దల్లో ఒక్క తెల్లచుక్క లేదండి, తమరే చూడండి. నేను ఈ కారు నుంచి తీశానని సంతకం పెట్టానండి, అది నిజమే. ఆ ఊరికెల్లిందని మటుకు ముద్ద చెప్పట్లేదండి."

డైరెక్టరు గారు ముద్దను చేతిలోకి తీసుకున్నారు. భూతద్దం తెప్పించారు. వెతికారు. ఆయన జీవితంలో నమ్మింది ఒక్క ముద్దనే. ఆ ముద్ద ఇప్పుడు ఏడుగురి మీద సాక్ష్యం చెబుతోంది.

"ఇలా ఇవ్వండి సార్, చూద్దాం," అంటూ ఇంజనీరు గారు చేయి చాపారు. ముద్ద అందుకున్నారు. మరుక్షణం అది నేల మీద పడింది. "చేయి జారింది సార్. నేలపై పడిన ముద్ద ముద్దగా పరిగణింపబడదు కదా."

"మీవి ఇంకా తొమ్మిదున్నాయండి," అంది నూకరత్నం.

"సుదర్శనం గారూ," అన్నారు డైరెక్టరు గారు చల్లగా, "మీ వాహనము ఆవలి గట్టుకు ఏల పోలేదు?"

ఇంజనీరు గారికి రెండే దారులు మిగిలాయి. వెళ్ళలేదంటే తన తప్పు. వెళ్ళలేకపోయిందంటే కారు తప్పు. ఆయన కారునే ఎంచుకున్నారు.

"వాహనము పోవుటకు మార్గము లేదు సార్. అక్కడ వంతెన లేదు."

"వంతెన అవసరము కనబడలేదని వ్రాసినారే?"

"మనుషులకు కనబడలేదు సార్. వాహనమునకు అవసరమే."

మత్స్యశాఖాయన ఉద్యోగానికి ఇంకా కొత్త. పాపం తెలియక, "దుంగలున్నాయట కదండీ, అధికారి దిగి నడిచి వెళ్ళొచ్చు కదా?" అన్నాడు.

అందరూ ఆయనవైపు చూశారు. డైరెక్టరు గారు ఓపికగా, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పారు. "అధికారి నడిచిపోయిన యెడల, వాహనమునకు మట్టి ఎట్లు అంటును?"



ఆ రోజు మధ్యాహ్నమే ఫైలు కదిలింది. మూడేళ్ళలో అరవై గడపల వాళ్ళు కదిలించలేని ఫైలు ఏడు కార్ల కోసం మేడ మీది నుంచి కిందికి, కింది నుంచి పైకి పరుగులు తీసింది. కారణం అనే గడిలో ఇలా రాశారు: "సంస్థ వాహనములకు ఆవలి గట్టు మట్టి అంటించు నిమిత్తము." నూకరత్నం ఆ కాగితం కూడా చదివింది. అప్పటికి ఆమెకు పూటంతా పట్టడం లేదు. ఒక టీ చల్లారేటంత సేపు పట్టింది.

"చూశావా అక్కా, మనుషుల కోసమని ఒక్క మాట లేదు," అన్నాడు ఏడుకొండలు ఉక్రోషంగా.

"ఊరుకో. మనుషుల కోసమని రాసిన నాలుగు కాయితాలు ఎక్కడున్నాయో నీకు తెలుసా?"

పది వారాల్లో వంతెన లేచింది. ఇటు మంగతాయారుకు తొమ్మిదో నెల వచ్చింది. వంతెన మొదట్లో బోర్డు పెట్టారు: "సంస్థ వాహనములకు మాత్రమే." ప్రారంభం రోజున డైరెక్టరు గారు ఎక్కిన కారు ముందు దాటాలి, తర్వాత మిగతావి. కానీ ఆవలి గట్టు మట్టిలో తానే ముందుండాలని ఇంజనీరు గారు తన కారును తెల్లవారుజామునే ఏడుకొండలతో పంపేశారు. అందుచేత ఆయన షేరాటోలో, రెండు రొయ్యల తట్టల మధ్య కూర్చుని వచ్చారు. ఆటోవాడు బోర్డు చూసి ఆపేశాడు.

"ఇది సంస్థ బండి కాదండి. మీరు దిగిపోండి."

ఆయన దిగారు. పుట్టి బుద్ధెరిగాక ఉప్పుటేటి గట్టున ఆయన కాలు పెట్టడం అదే. ఎండలో కళ్ళు చిట్లించి చూశారు. కొత్త వంతెన పక్కన పాత తాటిదుంగలు ఇంకా అలాగే ఉన్నాయి. నాచుపట్టి, నడిమికి వంగి. అప్పుడే బడి గంట కొట్టినట్టుంది. వంతెన బోర్డుకు భయపడిన ఆడపిల్ల ఒకతె అలవాటుగా దుంగ ఎక్కి, సంచీ నెత్తిన పెట్టుకుని, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వస్తోంది. ఆమె ఈవలికి చేరేదాకా ఇంజనీరు గారు ఊపిరి వదల్లేదు.

"మీరు దీని మీదనా దాటింది?" అన్నారు.

"మూడేళ్ళు బాబూ," అంది పక్కనే ఉన్న నూకరత్నం. "వర్షాకాలం కూడానండి."

ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నారు.

"అవతలికి ఎల్లిరండి బాబూ. నడిచే ఎల్లండి."

వెళ్ళారు. వంతెన మీద నడుస్తూ రెండుసార్లు ఆగి దుంగలవైపు చూశారు. ఆవలి గట్టున పది అడుగులు వేసి తిరిగి వచ్చారు. బూట్లు సున్నంలో ముంచి తీసినట్టు తెల్లగా అయ్యాయి. నూకరత్నం రొంటి నుంచి నీలం ముద్ద తీసి, వంగి, "కాలు కూసింత ఎత్తండి," అంది. ఆయన ఆశ్చర్యపోయి ఎత్తారు. బూటు మీద ముద్దను అదిమి తీసింది. నీలం మీద తెల్లచుక్కలు, ఆకాశంలో చుక్కల్లా పడ్డాయి. కవరులో పెట్టింది. చీటీ తీసి, ఈసారి పైమాట కూడా తానే, నింపాదిగా, వంతెన గోడకు ఆనించుకుని రాసింది:

"ఇంజనీరు గారు. మడపేట. ఒకసారి."

కింద సంతకం పెట్టి ఆయనకే ఇచ్చింది. ఆయన దాన్ని చదువుకుని, జేబులో పెట్టుకున్నారు. ఎక్కడా దాఖలు చేయలేదని తర్వాత తెలిసింది.

ఆ బోర్డు నాలుగు రోజులు ఉంది. నాలుగో రోజు మధ్యాహ్నం మంగతాయారుకు నొప్పులు వచ్చాయి. నూట ఎనిమిది బండి డ్రైవరుకు చదవడం బాగా వచ్చు. ఆ పూట మాత్రం చదవకుండా తిన్నగా వంతెన దాటి వాకిట్లో ఆపాడు. పాప పుట్టింది. బోర్డు ఆ తర్వాత ఎలా ఏట్లో పడిందో ఊళ్ళో ఎవరికీ తెలియదు.

డైరెక్టరు గారికి బదిలీ అయింది. కొత్తాయనకు కార్ల మీద నమ్మకం లేదు, కుర్చీల గురించి ఏదో ఆలోచిస్తున్నారట. కార్లు కడగడం మళ్ళీ మొదలైంది. గీతలు మాత్రం పోలేదు. ముద్దల కవర్లు అల్మరాలో అలాగే ఉన్నాయి.

ఇలా రాశాను. ఎక్కడైనా ఒత్తు తప్పితే దిద్దుకుని చదవండి.

నూకరత్నం,
యాభై తొమ్మిదేళ్ళు,
మడపేట, వంతెన దాటగానే మొదటి ఇల్లు.